మంచు విచ్చిన చోటు: విశ్వపు తొలి వెలుగును ఎలక్ట్రాన్లు ఎట్లా మలిచాయి

సంక్రాంతి ముందరి రోజుల్లో తెల్లవారుజామున జనగామ దాటి కాజీపేట వైపు వచ్చే బండ్లన్నీ లైట్లు వేసుకుని మెల్లగా పాకుతుంటాయి. చెరువుల మీంచి, తడిపొలాల మీంచి లేచిన పొగమంచు హైవేను కమ్మేస్తుంది. ముందు పోయే లారీ ఎర్రదీపాలు వంద మీటర్లలోపు ఉంటేనే కనిపిస్తాయి. అవతలంతా తెల్లటి గోడ. బండి వంద మీటర్లు ముందుకు పోతే ఆ గోడా వంద మీటర్లు వెనక్కి జరుగుతుంది. నిజానికి అక్కడ గోడ లేదు. కాంతి చివరిసారిగా ఒక నీటి బిందువును తాకి, దిక్కు మార్చుకుని, మళ్లీ దేన్నీ తాకకుండా కంటిదాకా వచ్చిన తావులన్నీ కలిసి గోడలా కనిపిస్తాయి.

ఆకాశంలో అన్ని దిక్కుల నుంచీ మనకు అందే విశ్వపు పాత వెలుగును, అంటే విశ్వ సూక్ష్మతరంగ నేపథ్య వికిరణాన్ని, అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా దగ్గరి పోలిక దొరకదు. పత్రికల్లో దీన్ని ‘మహావిస్ఫోటపు ప్రతిధ్వని’ అని రాస్తుంటారు. ఆ మాట తప్పుదోవ పట్టిస్తుంది. మహావిస్ఫోటపు తొలి క్షణాల నుంచి నేరుగా వచ్చిన కాంతి మనకు అందదు. అందేది సుమారు 3,80,000 ఏళ్ల తర్వాత ఎలక్ట్రాన్ల మంచు విచ్చినప్పుడు బయటపడిన కాంతి. దానిలోని మచ్చలు (వేడిలో చిన్న తేడాలు), మసక, ధ్రువణం (కాంతి తరంగం ఒకే దిశలో ఊగడం) అన్నీ కాంతి పరిక్షేపణం, అంటే కణాలను తాకి దిక్కు మార్చుకోవడం, సాగిన తీరును, ఆగిన తీరును చెబుతాయి.

ముందు ఆ మంచు ఎంత దట్టమో చూడాలి. పొగమంచులో కనుచూపు దూరానికి వాతావరణ శాస్త్రంలో ఒక లెక్క ఉంది. కాంతి ఒక తాకిడికి, మరో తాకిడికి మధ్య సగటున పోయే దూరానికి, అంటే సగటు స్వేచ్ఛాపథానికి, కనుచూపు దూరం సుమారు 3.9 రెట్లు. వంద మీటర్ల దాకా కనిపించే మంచులో స్వేచ్ఛాపథం పాతిక మీటర్లన్నమాట.

ఇదే లెక్క తొలి విశ్వానికి వేద్దాం. ఇవాళ విశ్వంలోని మామూలు పదార్థాన్నంతా సమంగా పరిస్తే ఘనపు మీటరుకు హైడ్రోజన్ కేంద్రకాలు సుమారు 0.19 వస్తాయి, అంటే ఐదు ఘనపు మీటర్లకు ఒకటి. మంచు విచ్చిన నాటికి దూరాలన్నీ ఇప్పటికన్నా 1,090 రెట్లు చిన్నవి. 1,090ని ఘనం చేస్తే సుమారు 130 కోట్లు. దాన్ని 0.19తో గుణిస్తే ఘనపు మీటరుకు 25 కోట్లు, ఘనపు సెంటీమీటరుకు 250. హైడ్రోజన్ అంతా అయనీకరణం చెంది, అంటే ఎలక్ట్రాన్లను కోల్పోయి, ఉంటే ఎలక్ట్రాన్లూ దాదాపు అన్నే. ఒక్కో ఎలక్ట్రాన్ కాంతికి అడ్డుపడే వైశాల్యం 6.65 × 10⁻²⁹ చదరపు మీటర్లు. దీన్ని థామ్సన్ పరిక్షేపణ వైశాల్యం అంటారు. ఎలక్ట్రాన్ల సాంద్రతను ఈ వైశాల్యంతో గుణించి, ఆ లబ్ధంతో 1ని భాగిస్తే స్వేచ్ఛాపథం వస్తుంది: 6 × 10¹⁹ మీటర్లు, సుమారు 6,400 కాంతి సంవత్సరాలు.

ఈ అంకె దగ్గర కాసేపు ఆగాలి. మనం పీల్చే గాలిలో ఘనపు సెంటీమీటరుకు రెండున్నర లక్షల కోట్ల కోట్లకు దగ్గరగా, అంటే 2.5 × 10¹⁹ అణువులుంటాయి. ఆ కాలపు విశ్వంలో ఉన్నవి 250 ఎలక్ట్రాన్లు. కాలేజీ ల్యాబ్‌లో వ్యాక్యూమ్ పంపు తీసే శూన్యం కూడా దాని ముందు చిక్కటిదే. ‘చిక్కటి మండే సూప్’ అని పుస్తకాలు వర్ణించేది చాలా తొలి క్షణాలకు సరిపోతుంది గానీ, ఈ దశకు సరిపోదు. అప్పటి విశ్వం పలచన. అయినా వెలుగు దాటలేకపోయింది, ఎందుకంటే దాటాల్సిన దూరం లక్షల కాంతి సంవత్సరాలు. 3,80,000 ఏళ్ల వయసున్న విశ్వంలో 6,400 ఏళ్లకోసారి దారి తప్పే ఫోటాన్, అంటే కాంతి కణం, ఎక్కడికీ నేరుగా పోలేదు. స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు వందో వంతుకు పడిపోతే స్వేచ్ఛాపథం 6,40,000 కాంతి సంవత్సరాలవుతుంది. అప్పుడిక ఎదురే ఉండదు. మంచు విచ్చడమంటే జరిగింది ఇదే: ఎలక్ట్రాన్లు ఎక్కడికీ పోలేదు, ప్రోటాన్లకు అతుక్కుని హైడ్రోజన్ పరమాణువులయ్యాయి. కట్టుబడిన ఎలక్ట్రాన్ ఈ కాంతికి దాదాపు అడ్డురాదు.

ఈ అతుక్కోవడాన్ని పునఃసంయోగం అంటారు. అంతకుముందు ఎన్నడూ కలిసి ఉండనివాటికి ‘పునః’ అనడం సరికాదు, కానీ ఆ పేరే స్థిరపడింది. విషయంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడబీకడానికి 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. ఆ శక్తిని ఉష్ణోగ్రతగా మారిస్తే సుమారు 1,58,000 కెల్విన్. మరి పరమాణువులు నిలదొక్కుకున్నది 3,000 కెల్విన్ దగ్గర. యాభై రెట్లు చల్లబడేదాకా ఎందుకు ఆగాల్సి వచ్చింది?

మొదటి కారణం కాంతి కణాల సంఖ్యాబలం. ఒక్కో ప్రోటాన్ లేదా న్యూట్రాన్‌కు విశ్వంలో సుమారు 160 కోట్ల ఫోటాన్లున్నాయి. సగటు ఫోటాన్ బలహీనపడినా, వాటిలో 160 కోట్లకు ఒకటి 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు దాటితే చాలు, కట్టిన పరమాణువును కట్టినట్టే విడగొడుతుంది. కృష్ణవస్తు వికిరణంలో, అంటే ఉష్ణోగ్రతను బట్టే రంగుల పంపకం తేలే కాంతిలో, ఆ గట్టి ఫోటాన్ల వాటా అంతకు పడిపోవడానికి సుమారు 5,800 కెల్విన్ దాకా చల్లబడాలి. రెండో కారణం చోటు. ప్రోటాన్లు అరుదు, ఎలక్ట్రాన్ ఒంటరిగా తిరగడానికి ఉన్న ఖాళీ అపారం. అందువల్ల విడిగా ఉండే అవకాశమే గెలుస్తూ వస్తుంది. మేఘనాథ్ సాహా 1920లో ఇచ్చిన అయనీకరణ సమీకరణం ఈ రెండింటినీ కలిపి లెక్కిస్తుంది. దాని ప్రకారం సగం హైడ్రోజన్ పరమాణువులుగా మారేది సుమారు 3,700 కెల్విన్ దగ్గర.

సాహా సమీకరణంతోనే ఆగిపోయే విద్యార్థులు ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. ఆ సమీకరణం సమతాస్థితికి వర్తిస్తుంది. విశ్వం వ్యాకోచిస్తూ చల్లబడుతున్నప్పుడు హైడ్రోజన్ ఆ సమతాస్థితిని అందుకోలేకపోయింది. ఎలక్ట్రాన్ నేరుగా అట్టడుగు స్థాయికి దిగితే 13.6 ఎలక్ట్రాన్ వోల్టులకు పైబడిన ఫోటాన్ పుడుతుంది. అది పక్కనున్న పరమాణువును విడగొడుతుంది, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. పై స్థాయి నుంచి మెట్లు మెట్లుగా దిగితే రెండో స్థాయి నుంచి మొదటి స్థాయికి దిగే చివరి మెట్టు దగ్గర లైమన్ ఆల్ఫా అనే ఫోటాన్ వెలువడుతుంది. దాన్ని మరో పరమాణువు చటుక్కున మింగి ఉత్తేజితమవుతుంది. ఆ స్థితిలో ఉన్న ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి మామూలు ఫోటానే చాలు. అంటే కిందికి దిగే దారులన్నీ మూసుకుపోయినట్టే.

తెరుచుకున్న సందు చాలా ఇరుకు. రెండో స్థాయిలోని ఒక ఉపస్థాయి నుంచి ఎలక్ట్రాన్ ఒకేసారి రెండు ఫోటాన్లను విడిచి కిందికి దిగగలదు. శక్తి రెండుగా చీలుతుంది కాబట్టి వాటిలో ఏదీ మరో పరమాణువును లేపలేదు. ఈ మార్పు సెకనుకు సుమారు 8 సార్ల వేగంతో మాత్రమే జరుగుతుంది. లైమన్ ఆల్ఫా మార్పు వేగం సెకనుకు 60 కోట్లకు పైనే. అయినా విశ్వంలోని హైడ్రోజన్‌లో సగానికి పైగా ఈ నత్తనడక దారిలోనే కట్టుకుంది. మిగిలింది చాలావరకు, విశ్వ వ్యాకోచం వల్ల లైమన్ ఆల్ఫా ఫోటాన్ల తరంగదైర్ఘ్యం సాగి, పట్టు తప్పి బయటపడినప్పుడు కట్టుకుంది. 1968లో అమెరికాలో జేమ్స్ పీబుల్స్, మాస్కోలో జెల్డోవిచ్, కుర్ట్, సున్యాయెవ్ విడివిడిగా ఈ లెక్క తేల్చారు. ఆలస్యం వల్ల మంచు విచ్చింది 3,000 కెల్విన్ దగ్గర. చివరికి పదివేల ఎలక్ట్రాన్లలో ఒకటి రెండు ప్రోటాన్ దొరకక ఒంటరిగానే మిగిలిపోయాయి.

మంచు ఒక్క క్షణంలో విచ్చలేదన్నది మరో ముఖ్యమైన సంగతి. కాజీపేట దారిలో కనిపించే గోడకు మందం ఉన్నట్టే ‘చివరి పరిక్షేపణ తలం’ అని పిలిచేదానికీ మందం ఉంది. ఎక్కువ ఫోటాన్లు చివరి తాకిడి తిన్న కాలం లక్ష ఏళ్లకు పైగా సాగింది. ఆ మందం వల్ల చిన్న చిన్న మచ్చలు ఒకదాని మీద ఒకటి పడి చెరిగిపోయాయి. దానికి తోడు, స్వేచ్ఛాపథం పెరుగుతున్న కొద్దీ ఫోటాన్లు వేడి చోటు నుంచి చల్లటి చోటుకు తడబడుతూ చేరి తేడాలను మాపేశాయి. ఇది సిల్క్ డ్యాంపింగ్, 1968లో జోసెఫ్ సిల్క్ చూపింది. ఆకాశంలో డిగ్రీలో పదో వంతు కన్నా చిన్న వివరం చాలావరకు కరిగిపోవడానికి కారణం ఇదే. టెలిస్కోప్ ఎంత పెద్దదైనా ఆ మసకను తీసెయ్యలేదు. మసక కాంతిలోనే ఉంది.

ఇక రంగు సంగతి. లీటరు నీళ్లున్న గాజు సీసాలో నాలుగైదు చుక్కల పాలు కలిపి, చీకటి గదిలో ఒకవైపు నుంచి ఫోన్ టార్చ్ వెయ్యాలి. పక్కనుంచి చూస్తే నీళ్లు నీలిగా, ఎదురుగా చూస్తే దీపం పసుపుగా ఉంటుంది. వెన్న తీసిన పాలైతే నీలం తేటగా వస్తుంది. గేదె పాలైతే పెద్ద కొవ్వు బిందువులు అన్ని రంగుల్నీ చెదరగొట్టి తెల్లగా చేస్తాయి. ఇంకా చుక్కలు వేస్తూ పోతే దీపం ఆకారమే మాయమై సీసా అంతా తెల్లటి వెలుగు నిండుతుంది. చిన్న కణాలు నీలాన్ని ఎక్కువగా చెదరగొట్టడం రేలీ పరిక్షేపణం. మన ఆకాశం నీలంగా ఉండేది దానివల్లే.

స్వేచ్ఛా ఎలక్ట్రాన్‌కు ఈ రంగుల పట్టింపు లేదు. థామ్సన్ పరిక్షేపణంలో అన్ని తరంగదైర్ఘ్యాలకూ అదే వైశాల్యం. అందుకే కోట్ల తాకిడుల తర్వాత కూడా వర్ణపటం వంకర పోలేదు. 1989లో ఎగిరిన కోబ్ ఉపగ్రహం కొలిచిన వర్ణపటం కృష్ణవస్తువు వక్రరేఖతో లక్షలో ఐదు వంతుల తేడా కూడా లేకుండా కలిసింది. ఉష్ణోగ్రత 2.725 కెల్విన్. అయితే థామ్సన్ పరిక్షేపణమే కృష్ణవస్తు వికిరణాన్ని తయారు చేసిందనుకోవడం పొరపాటు. అది ఫోటాన్ దిక్కు మారుస్తుంది గానీ ఫోటాన్లను పుట్టించలేదు, మింగలేదు. ఆ వక్రరేఖ అంతకు చాలా ముందే, విశ్వం వయసు నెలల్లో ఉన్నప్పుడే, ఫోటాన్లను పుట్టించి మింగే వేరే ప్రక్రియల వల్ల కుదురుకుంది. ఎలక్ట్రాన్ల మంచు దాన్ని చెడగొట్టకుండా దాటించింది.

మచ్చలకు కారణం చప్పుడు. ఫోటాన్లు ఎలక్ట్రాన్లను తన్నుతూ, ఎలక్ట్రాన్లు ప్రోటాన్లను లాగుతూ ఉన్నంతకాలం కాంతి, పదార్థం కలిసి ఒకే ద్రవంలా కదిలాయి. గురుత్వం లోపలికి నొక్కింది, కాంతి పీడనం బయటికి నెట్టింది. ఆ ద్రవంలో ధ్వని కాంతి వేగంలో సగానికి అటూ ఇటూగా పోయింది. ఒక పెద్ద మర్రికొమ్మకు రకరకాల పొడవుల తాళ్లతో ఉయ్యాలలు కట్టి, అన్నింటినీ ఒకేసారి వదిలి, కొద్దిసేపటికి ఫొటో తీసినట్టు ఊహిస్తే ఆకాశంలో కనిపించేది అర్థమవుతుంది. కొన్ని ఉయ్యాలలు సరిగ్గా ఆ క్షణానికి ఒక కొసన ఉంటాయి, కొన్ని మధ్యలో ఉంటాయి. పరిక్షేపణం ఆగిన క్షణమే ఆ ఫొటో. అప్పటికి సరిగ్గా ఒకసారి నొక్కుకున్న తరంగాలు ఆకాశంలో డిగ్రీకి కాస్త తక్కువ మచ్చలుగా అన్నింటికన్నా గట్టిగా కనిపిస్తాయి. మచ్చల సైజును బట్టి వాటి బలాన్ని గ్రాఫ్ గీస్తే ఇదే మొదటి శిఖరం. పౌర్ణమి చంద్రుడి వెడల్పు అర డిగ్రీ, పోల్చుకోవడానికి. నొక్కుకుని మళ్లీ విప్పారినవి రెండో శిఖరం, ఆ తర్వాత మూడోది.

శిఖరాల ఎత్తుల్లో తేడాలోనే పదార్థం తూకం ఉంది. అంగట్లో కూరగాయల స్ప్రింగ్ కాంటాకు బరువు తగిలిస్తే అది ఊగే మధ్యబిందువు కిందికి జారుతుంది. అట్లాగే ప్రోటాన్ల బరువు వల్ల ద్రవం విప్పారే దానికన్నా ఎక్కువగా నొక్కుకుంది. అందుకే నొక్కుడు శిఖరాలైన ఒకటి, మూడు బలపడి రెండోది తగ్గింది. మామూలు పదార్థం విశ్వంలో సుమారు 5 శాతమేనన్న అంకెకు గట్టి ఆధారాల్లో ఇదొకటి. మూడో శిఖరం తగ్గిపోకుండా నిలబడటం, కాంతితో పరిక్షేపణం చెందని మరో పదార్థం గురుత్వపు గుంతలను కాపాడిందని చెబుతుంది. అదే కృష్ణపదార్థం.

ధ్రువణాన్ని మన కళ్లతోనే చూసే వీలుంది. పోలరైజ్డ్ చలువ అద్దాలు కావాలి. అసలువో కావో ఫోన్ స్క్రీన్ ముందు పెట్టి తిప్పితే తెలిసిపోతుంది: ఒక కోణంలో స్క్రీన్ నల్లబడాలి. వానలు వెనకబట్టాక, ఆకాశం తేటగా ఉన్న సాయంత్రం, పొద్దు కుంకే వేళ భద్రకాళి చెరువు కట్ట మీద నిలబడి నడినెత్తి ఆకాశాన్ని ఆ అద్దంలోంచి చూస్తూ తిప్పితే వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. సూర్యుడికి 90 డిగ్రీల దూరంలో ఈ తేడా ఎక్కువ. అదే దిగంతం దగ్గరి దుమ్ముపట్టిన ఆకాశంలో తేడా బాగా తగ్గుతుంది. అక్కడ కాంతి పలుమార్లు చెదిరి, ధ్రువణం కలగాపులగమవుతుంది.

ఎలక్ట్రాన్లూ లంబకోణంలో చెదరగొట్టిన కాంతిని ఇట్లాగే ధ్రువణం చేస్తాయి. కానీ అన్ని దిక్కుల నుంచీ సమానంగా కాంతి పడితే ధ్రువణాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఎలక్ట్రాన్‌కు ఉత్తర దక్షిణాల నుంచి కాస్త వేడి కాంతి, తూర్పు పడమరల నుంచి కాస్త చల్లటి కాంతి అందితేనే గుర్తు మిగులుతుంది. దట్టమైన మంచులో అలాంటి తేడా నిలవదు, పూర్తిగా విచ్చాక చెదరగొట్టే ఎలక్ట్రాన్లే ఉండవు. కాబట్టి ఆ మధ్య కొద్దికాలంలో మాత్రమే ధ్రువణం పుట్టింది. అందుకే అది కెల్విన్‌లో పది లక్షల వంతులు కొన్నే, అంతే బలహీనం. దక్షిణ ధ్రువంలోని డాసీ పరికరం 2002లో దాన్ని మొదటిసారి పట్టుకుంది. ఇంత చిన్న సంకేతంలో పొరపాటు ఎంత తేలికో 2014 చూపింది. ఆదిమ గురుత్వ తరంగాల ధ్రువణం దొరికిందని బైసెప్2 బృందం ప్రకటించింది. మరుసటి ఏడు ప్లాంక్ ఉపగ్రహపు కొలతలతో కలిపి చూస్తే అందులో ఎక్కువ భాగం మన పాలపుంతలోని ధూళి పని అని తేలింది.

మంచు రెండోసారీ పట్టింది, పలచగా. తొలి నక్షత్రాలు వెలిగాక వాటి అతినీలలోహిత కాంతి హైడ్రోజన్‌ను మళ్లీ విడగొట్టింది. ఎలక్ట్రాన్లు మళ్లీ స్వేచ్ఛగా తిరిగాయి, కానీ అప్పటికి విశ్వం బాగా విస్తరించింది. ప్లాంక్ 2018 ఫలితాల ప్రకారం ఈ రెండో మంచు ఆప్టికల్ డెప్త్ 0.054, అంటే మనకు చేరే ఫోటాన్లలో నూటికి ఐదే మధ్యదారిలో దిక్కు మార్చుకున్నాయి. దానికే చిన్న మచ్చల బలం పదో వంతు తగ్గింది. మొదట్లోనే మచ్చలు ఎంత బలంగా ఉన్నాయో తెలియాలంటే ఈ తరుగును తీసి లెక్కించాలి, లేదంటే లెక్కంతా తప్పుతుంది. 2003లో డబ్ల్యుమ్యాప్ ఉపగ్రహం తొలి ఫలితం ఈ అంకెను 0.17గా చూపింది. పాలపుంత వెలుగును బాగా వేరుచేయగలిగిన కొద్దీ అది తగ్గుతూ వచ్చింది.

ఈ కొలతలు ఎందుకంత కష్టమో మొట్టమొదటి కొలతే చెబుతుంది. 1964లో న్యూజెర్సీలో ఈ వికిరణాన్ని మొదట పట్టుకున్న పెన్జియాస్, విల్సన్ నడినెత్తి ఆకాశం వైపు తిప్పిన యాంటెన్నాలో 6.7 కెల్విన్ గురక వినిపించింది. అందులో గాలి వాటా 2.3. యాంటెన్నాలోని నష్టాలు, వెనకనుంచి చొరబడే నేల వేడి కలిపి 0.9. తీసేస్తే మిగిలింది 3.5, ఒక డిగ్రీ అటూ ఇటూ. తెలిసినవన్నీ కొలిచి తీసేశాక మిగిలినదే ఫలితం కాబట్టి, తీసేసేవాటిలో తప్పుంటే ఫలితమూ తప్పే. వానాకాలంలో వరంగల్ మీది గాలిలో ఉన్న ఆవిరినంతా నీళ్లుగా మారిస్తే ఐదారు సెంటీమీటర్లు నిలుస్తుంది. దక్షిణ ధ్రువం చలికాలంలో ఒక మిల్లీమీటరు కూడా నిలవదు. నేపథ్య వికిరణం బలంగా ఉండే 160 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో ఆ ఆవిరే మన నెత్తిన మరో పొగమంచు. అందుకే టెలిస్కోపులు అంటార్కిటికాకో, చిలీలోని అటకామా ఎడారికో పోతాయి.

ఎలక్ట్రాన్ల మంచు విచ్చాక మిగిలిన హైడ్రోజన్ పరమాణువులు పూర్తిగా ఊరుకోలేదు. పాలసీసాలో లాగానే అవి కాంతిలోని ఎక్కువ పౌనఃపున్యాలను రేలీ పద్ధతిలో కొద్దిగా చెదరగొట్టాయి. ఈ ప్రభావం పౌనఃపున్యపు నాలుగో ఘాతంతో పెరుగుతుంది. అంటే ఎక్కువ పౌనఃపున్యంలో చూసేవారికి మంచు కాస్త ఆలస్యంగా విచ్చినట్టు, మచ్చలు ఇంకొంచెం మసకబారినట్టు కనిపించాలి. చిక్కల్లా ఏమిటంటే, ఆ పౌనఃపున్యాల్లోనే పాలపుంత ధూళి వెలుగు ముంచెత్తుతుంది. ఆకాశపు నీలానికి ముత్తాత లాంటి ఆ సంకేతాన్ని ధూళి నుంచి విడదీయడానికి ఒకే చోటును అనేక పౌనఃపున్యాల్లో కొలవాలి. వచ్చే తరం టెలిస్కోపుల పనుల్లో అదొకటి.